నర్సుల కొలువు

2020వ సంవత్సరము మే 3వ తేదీన వైమానికదళపు హెలికాప్టరులు దేశమందలి ఆసుపత్రులపై పూలవాన కురిపించినవి. అంతకు ఆరు వారముల ముందు, మార్చి 22వ తేదీ సాయంకాలమున, జనులు తమ వాకిళ్ళలో నిలువబడి చప్పట్లు చరచిరి, పళ్ళెరములు మ్రోగించిరి. వైద్యులతోపాటు నర్సులును ఆ మన్ననలో భాగస్వాములైరి. మేమును నాడు సంతోషించితిమి. కాని పూలు కురిసి పదునాలుగు మాసములు నిండినవో లేదో, 2021 జూలైలో, మహమ్మారి నాళ్ళలో తెలంగాణ ప్రభుత్వాసుపత్రులలో పొరుగుసేవల పద్ధతిని పనిచేసిన నర్సులను వెయ్యిమందికి పైగా ఒక్కమారుగ తొలగించిరి. వారు హైదరాబాదు వీథులలో నిలిచి మొరపెట్టుకొనవలసివచ్చెను. 2024 జనవరి 31వ తేదీన అదే నగరమున 6,956 మందికి నర్సు ఉద్యోగముల నియామకపత్రములు పంచిరి. అది మెచ్చదగిన పని. అయినను నర్సును ఆపదలో దేవతగను, ఆపద గడచిన పిమ్మట దినకూలిగను చూచు మన స్వభావము ఒక్క నియామకసభతో మారునది కాదు.

సంఖ్యనుబట్టి చూచిన మనము చాలదూరము వచ్చితిమి. 1946లో భోరు కమిటీ నివేదిక వెలువడునాటికి అఖండభారతమున శిక్షణపొందిన నర్సులు సుమారు 7,000 మంది. అనగా 43,000 మంది ప్రజలకు ఒక్క నర్సు. 2022 నాటికి భారత నర్సింగు మండలి లెక్కలలో 33 లక్షలకు మించి పేర్లు చేరినవి. అయితే పట్టికలో పేరున్నవారందరును రోగి ప్రక్కన లేరు. కొందరు విదేశములందున్నారు, కొందరు పెండ్లితో వృత్తి మానుకొనిరి, కొందరు కాలధర్మము నొందినను వారి పేర్లు చాలకాలము కొట్టివేయబడలేదు. సామాన్యపు వార్డులో ఐదుగురు రోగులకు ఒక నర్సు, వైద్యకళాశాలల ఆసుపత్రులలో ముగ్గురికి ఒకరు, అత్యవసర చికిత్సా విభాగమున ఒక్కొక్క రోగికి ఒక్కొక్కరు ఉండవలెనని ఆ మండలియే నియమము చేసియున్నది. మా పాఠకులలో బంధువునకు తోడుగ ఆసుపత్రిలో రాత్రి గడిపినవారు వార్డులోని మంచములనొకమారు, మేలుకొనియున్న నర్సులనొకమారు లెక్కించియే యుందురు. ఆ లెక్కను మేము వేరుగ చెప్పబనిలేదు.

ఈ వృత్తి మన యిండ్లలోనికి వచ్చిన దారిని కొంచెము తలచుకొనవలెను. గుంటూరున డాక్టరు అన్నా కుగ్లరు స్త్రీలకై 1898లో ఆసుపత్రి తెరచిన కాలమున నర్సుపనికి కుమార్తెను పంపుటకు సమ్మతించిన హిందూ గృహస్థులు మిక్కిలి అరుదు. మైల యనిరి; రాత్రికొలువనిరి; పరపురుషుని తాకుట యనిరి. ఆ పనిని క్రైస్తవ సోదరీమణులు, ఆంగ్లో-ఇండియను స్త్రీలు తలకెత్తుకొనిరి. మన తాతలు వారి చేతి మందు త్రాగిరి, ఇంటికి వచ్చి స్నానము చేసిరి. తరువాత దుర్గాబాయమ్మగారి ఆంధ్రమహిళాసభ వంటి సంస్థలు మదరాసున మన స్త్రీలకు ఈ విద్య నేర్పి ఆ సంకోచమును కొంతవరకు పోగొట్టినవి. నేడు రైతుబిడ్డలు, చేనేతవారి బిడ్డలు, దళిత కుటుంబముల బిడ్డలు వేలకొలది ఈ చదువులో చేరుచున్నారు; పురుషులును వచ్చుచున్నారు. మైల మాట పోయినది. కాని ఆ మైల మాటతోపాటు పుట్టిన చులకన జీతపు పట్టీలో ఇంకను నిలిచియున్నది.

ఈ విషయమై 2016 జనవరి 29వ తేదీన సుప్రీముకోర్టు, నర్సుల సంఘము వేసిన వ్యాజ్యములో, ప్రైవేటు ఆసుపత్రుల నర్సుల దుస్థితిని విచారించుటకు కమిటీ నేర్పరుపుమని కేంద్రప్రభుత్వము నాదేశించినది. ఆ కమిటీ ఆ యేడే తన సిఫారసులు తెలిపెను. రెండువందల పడకలకు మించిన ఆసుపత్రిలో నర్సు జీతము ప్రభుత్వపు నర్సు జీతముతో సమానముగ నుండవలెను. వందకు మించినచో నూటికి పదికన్న ఎక్కువ తగ్గరాదు. ఏబదికి మించినచో నూటికి ఇరువదియైదుకన్న తగ్గరాదు. ఏబది పడకలలోపు చిన్న ఆసుపత్రిలో నైనను నెలకు 20,000 రూపాయలకు తక్కువ ఈయరాదు. ఇందు దురాశ ఏమియు లేదు. కాని సిఫారసు శాసనము కాదు. కేంద్రము రాష్ట్రములకు ఉత్తరము వ్రాసినది. అమలు రాష్ట్రముల చేతిలో పడినది. కేరళలో నర్సులు 2011 మొదలు సంఘము కట్టి, సమ్మెలు చేసి, నిందలు పడి, తుదకు 2018 ఏప్రిలులో కనీసవేతనము 20,000 రూపాయలని ప్రభుత్వముచేత ప్రకటింపజేసికొనిరి. అడుగనిదే అమ్మయైన పెట్టదను మాట అచ్చట మరియొకమారు రుజువైనది.

ఇచ్చట మా పాఠకులతో కొంచెము నిర్మొగమాటముగ మాటలాడవలసియున్నది. విజయవాడ, గుంటూరు, కరీంనగరము, వరంగల్లు మొదలగు పట్టణములలోని ప్రైవేటు ఆసుపత్రులకు పెట్టుబడి ఆకాశమునుండి ఊడిపడలేదు. పొలమమ్మిన ధనము, వ్యాపారపు లాభము, పట్టణపు పెద్దల వాటాలు వానిలో కలవు. క్రొత్త యంత్రము కొనుటకు కోటి రూపాయలు లెక్కచేయని ఆసుపత్రి, ఆ యంత్రముక్రింద పడుకొన్న రోగిని రాత్రియంతయు కనిపెట్టుకొనియుండు నర్సు జీతమున వేయి రూపాయలు పెంచుటకు బేరమాడును. కొందరు యజమానులు ఆమె అసలు సర్టిఫికెట్లను తమ బీరువాలో బంధించి, ఇన్ని సంవత్సరములు కదలరాదని బాండు వ్రాయించుకొందురు. వెట్టిచాకిరిని గూర్చి మనము నాడెంత మాటలాడితిమి! పాలేరు తమ్మిపత్రమును మరచితిమని యనుకొనుచుండగా అది ఆసుపత్రి కార్యాలయమున దర్శనమిచ్చుచున్నది.

ఇక ఉద్యోగమున ఎదుగుదల. ఇరువదిరెండేండ్ల వయసున స్టాఫ్ నర్సుగ చేరిన స్త్రీకి ముందున్నవి హెడ్ నర్సు పదవి, ఆపైన రెండవ తరగతి, మొదటి తరగతి సూపరింటెండెంటు పదవులు. మెట్లు మూడే, అందు పైమెట్టున నిలువగలవారు జిల్లాకు వ్రేళ్ళపై లెక్కింపదగినవారు. చేరిన పదవితోనో, ఒక్క మెట్టుతోనో పింఛను పుచ్చుకొనువారు ఎందరో! ఆమె బదిలీ, సెలవు, పదోన్నతి నిర్ణయించువారు తరచుగ నర్సింగు ఎరుగని యధికారులు. వార్డులో ఇంజక్షను తప్పిన బాధ్యత ఆమెది. వార్డునకు ఎందరు నర్సులు కావలెనో చెప్పు నధికారము మాత్రము ఆమెకు లేదు. శ్రీమతి సరోజినీ వరదప్పన్‌గారి ఉన్నతాధికార సంఘము 1989లోనే నర్సింగునకు తగిన పరిపాలనా వ్యవస్థయు, పదోన్నతి మార్గములును కావలెనని చెప్పియుండెను. 2016లో కేంద్రము స్టాఫ్ నర్సు అను పేరు తీసి నర్సింగ్ ఆఫీసరని పేరుపెట్టినది; తెలంగాణమును 2023లో అట్లే చేసినది. ఆఫీసరను పేరు వచ్చినది, ఆఫీసు రాలేదు.

క్రొత్తదారులు తెరచుకొనలేదని మేమనము. వానిలో మంత్రసాని విద్య అన్నిటికన్న ముఖ్యమని మా తలంపు. 2019-21 జాతీయ కుటుంబారోగ్య సర్వే ప్రకారము తెలంగాణమున నూటికి 60.7 కాన్పులు, ఆంధ్రప్రదేశమున 42.4 కాన్పులు శస్త్రచికిత్సతో జరిగినవి. దేశపు సగటు 21.5 మాత్రమే. మన స్త్రీల శరీరములు తక్కిన దేశపు స్త్రీల శరీరములకన్న వేరుగ నిర్మింపబడినవని ఎవరును చెప్పజాలరు. ఈ దురవస్థను చూచియే తెలంగాణ ప్రభుత్వము ఫెర్నాండెజ్ సంస్థ సహాయముతో 2017లో కరీంనగరమున నర్సులకు మంత్రసాని శిక్షణ ప్రారంభించినది. మరుసటి యేడు కేంద్రము దేశమంతటికిని ఇట్టి విధానమును ప్రకటించెను. నొప్పులు పడు స్త్రీ ప్రక్కన గంటలకొలది కూర్చుండి, ధైర్యము చెప్పి, అటునిటు నడిపించి, సహజముగ కాన్పు చేయింపగల శిక్షితురాలు కత్తిని తప్పించును, ఖర్చును తప్పించును. కాని ఈ శిక్షణ పొందిన నర్సునకు ప్రత్యేకమైన పదవియు, దానికి తగిన జీతమును, సహజపు కాన్పులలో తానే నిర్ణయించు నధికారమును ఉండవలెను. లేనిచో నేర్చినదంతయు సామాన్యపు వార్డులో చీటీలు వ్రాయుటలో కరగిపోవును.

గ్రామములలో మరియొక దారి కలదు. 2018 తరువాత ఆయుష్మాన్ భారత్ పథకముక్రింద ఉపకేంద్రములను ఆరోగ్యకేంద్రములుగ మార్చి, వానియందు బి.ఎస్.సి. నర్సింగు చదివినవారిని సామాజిక ఆరోగ్యాధికారులుగ నియమించిరి. పూర్వము సూది వేయించుకొనుటకు పది మైళ్ళు నడచిన ముసలివాడు నేడు తన యూరిలోనే రక్తపుపోటు చూపించుకొనుచున్నాడు. పనిలో నింత స్వాతంత్ర్యము మన నర్సులకు మునుపు లభింపలేదు. కొలువు మాత్రము కాంట్రాక్టు కొలువు. ఊరి యారోగ్యమంతయు చేతబెట్టి, ఉద్యోగమును ఏడాదికేడాది పొడిగింపుపై వ్రేలాడదీయుట న్యాయమా?

ఇన్నిచోట్ల తలుపులు సగము తెరచియుంచిన, బిడ్డలు సముద్రములు దాటుదురు. ప్రపంచమున 2023 నాటికి 58 లక్షలమంది నర్సుల కొరత యున్నదని ప్రపంచారోగ్యసంస్థ 2025లో తెలిపెను. గల్ఫుదేశములు, ఇంగ్లండు, జర్మనీ పిలుచుచున్నవి. తెలంగాణ ప్రభుత్వపు విదేశోద్యోగ సంస్థ టాంకాం జర్మను భాష నేర్పించి నర్సులను ఆ దేశమునకు పంపుచున్నది. దళారి చేతిలో లక్షలు పోసి మోసపోవుటకన్న ఇది వేయిమడుగులు మేలు. వెళ్ళువారిని దేశభక్తి లేదని నిందించువారితో మేము ఏకీభవింపము. ఇంటిలో అన్నము పెట్టనివాడు పొరుగింటికి పోయెనని కోపగించుట యెట్లు?

తలిదండ్రులకొక మాట. కుమార్తె చదువునకు ఎకరము తాకట్టుపెట్టుటకు ముందు, ఆ కళాశాలకు గుర్తింపు ఉన్నదా, ఈ యేటికి ఉన్నదా, దానికి స్వంత ఆసుపత్రి ఉన్నదా, ఆ ఆసుపత్రిలో మంచములపై నిజముగ రోగులున్నారా యని స్వయముగ పోయి చూడవలెను. మధ్యప్రదేశమున హైకోర్టు ఆజ్ఞపై సి.బి.ఐ. తనిఖీ చేయగా అరువదికి పైగా నర్సింగు కళాశాలలు అనర్హములని తేలినది. 2024లో తనిఖీకి పోయిన యధికారులలోనే కొందరు లంచమునకు పట్టుబడిరి. రోగిని తాకకుండ నర్సు కాగల విద్య లోకమున లేదు. 2023లో కేంద్రము వైద్యకళాశాలల సరసన 157 నర్సింగు కళాశాలలు నెలకొల్ప నిశ్చయించుట ఇందుకే మంచిది; ఆసుపత్రి ముందే యుండును, కళాశాల దానిచెంత వెలయును.

1947 నాటి నర్సింగు మండలి చట్టము స్థానమున 2023 ఆగష్టులో జాతీయ నర్సింగు, మిడ్‌వైఫరీ కమీషను చట్టమును చేసిరి. రాష్ట్రముల కమీషనులకును అందు చోటు కలదు. చదువును, నమోదును, ప్రమాణములను ఆ చట్టము చక్కబరుపవచ్చును. వేతనమును గూర్చి అది మాటలాడదు. కనుక వేతనపు మాట శాసనసభలలోనే తేలవలెను. మన రెండు రాష్ట్రముల సభ్యులను మేమడుగునది స్వల్పము: రాబోవు సమావేశములలో ఆరోగ్యమంత్రిని మూడు ప్రశ్నలు వేయుడు. 2016 నాటి కమిటీ చెప్పిన జీతములను మన ప్రైవేటు ఆసుపత్రులలో ఎన్ని యిచ్చుచున్నవి? ప్రభుత్వాసుపత్రులలో హెడ్ నర్సు మొదలు పైపదవులు ఎన్ని ఖాళీగ నున్నవి, ఎన్నాళ్ళనుండి? మంత్రసాని శిక్షణ పొందిన నర్సులలో ఎందరు నేడు కాన్పుగదులలో పనిచేయుచున్నారు? జవాబులు జిల్లాలవారిగ, ఆసుపత్రుల పేర్లతో అచ్చుపడవలెను. అవి వెలువడిననాడు ఆ పట్టికను మా పత్రికయందు పూర్తిగ ప్రకటింతుము.