క్రొత్త లాప్‌టాపు: దోష మెవరిది?

ఇంటిలో నొక వస్తువు పాడైనచో మొదట విచారింపబడునది వస్తువు కాదు; దానిని చివర ముట్టినవారు. సోదరీమణులలో ఈ అనుభవము లేనివా రరుదు. మా యింట నీ యేడు జరిగిన సంగతి యిది.

మా అమ్మాయి ఇంజనీరింగులో చేరినది. మావారు చీటీ పాడిన సొమ్ముతో విశాఖపట్టణమున నొక దుకాణమునందు లాప్‌టాపు కొని తెచ్చిరి. ఎనిమిదవనాడు పిల్ల పాఠము వ్రాసికొనుచుండగా తెర యంతయు నీలిరంగై, యంత్రము తనంతట నారి మరల వెలిగెను. మరునాడును అంతే. అత్తగారు "మంచముమీద పెట్టుకొని చూచుచున్నది, కాదా మరి?" అనిరి. మావారు "క్రింద పడవైచితివా?" అని యడిగిరి. మేమును అడిగితిమి. తలచుకొన్న ఇప్పటికిని సిగ్గగుచున్నది.

దుకాణమువారు అది సాఫ్ట్‌వేరు తప్పని చెప్పి, లోపలి దంతయు తుడిచి విండోసును క్రొత్తగా నెక్కించి యిచ్చిరి. పిల్ల వ్రాసికొన్న పాఠములన్నియు పోయినవి. మూడవనాడు మరల నీలితెర. రెండవసారి పోగా "నీళ్లు పడినవా? ఎవరైన విప్పినారా?" అని పిల్లవంక చూచిరి. తిరుగు ప్రయాణమున మా కొత్తవలస స్టేషనులో దిగినప్పుడు, కిరండూలు మార్గమున ఇనుపఖనిజము తెచ్చు గూడ్సుబండి యొకటి నిలిచియుండెను. అమ్మాయి దాని పెట్టెలు లెక్కించుచు నిలువబడెనే గాని మాతో నొక్క మాటయు పలుకలేదు.

ఆ రాత్రి పాలపద్దు వ్రాయు పుస్తకమున నొక పుట తీసి, యంత్ర మారినపుడెల్ల తేది, వేళ, చార్జరు తగిలించియుండెనా లేదా, ఏ పని జరుగుచుండెను అని వ్రాయ నారంభించితిమి. పదునొకండు దినములలో తొమ్మిదిమారులు ఆరెను. చార్జరున్నను లేకున్నను ఆరెను. పాఠము వ్రాసినను ఊరక తెరచియుంచినను ఆరెను. క్రొత్తగా నెక్కించిన విండోసులో మరేమియు చేర్చకుండగనే ఆరినదన్నచో, తప్పు సాఫ్ట్‌వేరున నుండుట అరుదని మా కపుడు తోచెను.

విండోసునందే మెమరీ డయాగ్నోస్టిక్ అను పరీక్ష యున్నది. వెదకు గడిలో ఆ పేరు వ్రాసిన దొరకును. యంత్రము మరల మొదలై, విండోసు రాకమునుపే ర్యామ్‌ను, అనగా జ్ఞాపకఫలకమును, పరీక్షించును. చిన్నప్పుడు మేము అమరము వల్లెవేసినట్లే ర్యామ్‌కును వల్లెవేయుట తప్పదు. దాని గదులలోని విద్యుత్తు కారిపోవుచునే యుండును గనుక, ప్రతి గదిని సాధారణముగా 64 మిల్లీసెకనుల లోపల నొకమారు మరల నింపుచుండవలెను. 8 గిగాబైట్ల ర్యామ్‌లో నట్టి గదులు సుమారు 6,870 కోట్లు. వానిలో కొన్ని చెడినను, అచట దాచినది తప్పుగా తిరిగివచ్చి యంత్రము తడబడును. ఒకమారు పరీక్షలో నెగ్గినంతమాత్రమున నిర్దోషమని చెప్పరాదు. మా దానికి మొదటిసారి ఏమియు కనబడలేదు. రాత్రియంతయు నుంచగా హార్డ్‌వేరు దోషము కలదని తెరమీద పడెను. ఆ వ్రాత నిలువదు. కాబట్టి వెంటనే ఫోనుతో బొమ్మ తీసితిమి.

ఈసారి దుకాణమునకు గాక, తయారుచేసినవారి సర్వీసు సెంటరునకే పోయితిమి. బిల్లు, యంత్రపు అడుగునగల సీరియలు సంఖ్య, పద్దుపుట, బొమ్మ చేతనుండెను. పోవుటకు ముందు అమ్మాయి తన వ్రాతలను పెన్‌డ్రైవులోనికి మార్చుకొని, ఫోటోలను తీసివేసి, తన ఖాతాలనుండి బయటకు వచ్చినది. ఆడపిల్లల తల్లులు ఈ పని మరువరాదు. పాస్‌వర్డు కాగితముమీద వ్రాసి యిచ్చుట అంతకన్న తగదు. ఇంటిలో మూత విప్పిచూతమని మావారనగా మేము వలదంటిమి. విప్పినారని పేరుపెట్టి వారంటీ కాదనుట వారికి సులభము.

వినియోగదారుల రక్షణ చట్టము (2019) సంగతియు తెలిసికొనియే పోయితిమి. కొన్నచోటనే కాక, మనము నివసించు జిల్లాలోని కమిషనునందును ఫిర్యాదు చేయవచ్చును, మాకైన విజయనగరము. వస్తువునకు మన మిచ్చిన వెల 5 లక్షలు దాటనిచో రుసుము లేదు. గడువు రెండేండ్లు. అంతకుముందు 1915 అను సంఖ్యకు ఫోను చేసి చెప్పుకొనవచ్చును. మాకు అంతదూరము పోవలసిన పని పడలేదు. అచటి కుర్రవాడు పద్దుపుట చదివి, మరియొక ప్రశ్న వేయక, మూత విప్పి ర్యామ్ మార్చెను. కొన్ని యంత్రములలో ర్యామ్ మదర్‌బోర్డునకే అతికి యుండును. అపుడు బోర్డే మార్చవలసి యుండునట. మా దట్టిది కాకపోవుట అదృష్టము. ఏమి మార్చినదియు జాబ్‌షీటున వ్రాయించుకొని వచ్చితిమి.

ఆ కాగితమును మావారు అత్తగారికి చదివి వినిపించిరి. ఆమె యేమియు ననలేదు. సాయంత్రము మాత్రము మనుమరాలిని పిలిచి, "నీ పెట్టెలో భాగవతము వినవచ్చునా?" అని యడిగిరి. పద్దుపుస్తక మిపుడు అమ్మాయి యొద్దనే యున్నది. గ్రైండరు శబ్దము మారినదని మొన్న దానిలో వ్రాసినది, తేది వేళలతో సహా.