వాల్వు ఎక్కడుంది?

డాలస్ చుట్టుపక్కల ఇల్లు కొనే తెలుగువాళ్ళకు ముందు తూర్పు గుమ్మం కావాలి. ఈశాన్యం తెగకూడదు, వీధిపోటు ఉండకూడదు, దగ్గర్లో మంచి బడి ఉండాలి. అన్నీ చూసుకుని, పాలు పొంగించి, గృహప్రవేశం చేస్తాం. వీధిలోంచి ఇంట్లోకి వచ్చే నీళ్ళను కట్టేసే వాల్వు ఎక్కడుందని మాత్రం అడగం. 2021 ఫిబ్రవరిలో ఎందరో ఆ వాల్వు కోసం సెల్‌ఫోన్ వెలుతురులో మంచు తవ్వుకున్నారు.

ఆ నెల 16న డాలస్ విమానాశ్రయం దగ్గర ఉష్ణోగ్రత మైనస్ 2 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు పడిపోయింది. 1949 తర్వాత ఈ ఊరు అంత చలి ఎరగదు. అంతకు ముందురోజు తెల్లవారకముందే కరెంటు కోతలు మొదలయ్యాయి. రాష్ట్రంలో 45 లక్షల ఇళ్ళు చీకట్లో ఉండిపోయాయి. 246 మంది చనిపోయారని ప్రభుత్వమే లెక్క తేల్చింది. ఆ విషాదం ముందు పగిలిన పైపు చిన్న మాటే. కానీ చలి తగ్గి, కరెంటు వచ్చి, హమ్మయ్య అనుకునేసరికి చాలా ఇళ్ళలో సీలింగు తడిసి ముద్దయి హాల్లో పడింది. ఊళ్ళో ప్లంబర్లు చాలక పక్క రాష్ట్రాల నుంచి కూడా వచ్చారు.

చలి ఉన్నన్నాళ్ళూ ఊరుకున్న పైపు, చలి తగ్గాక ఎందుకు కారింది? నీరు గడ్డకడితే సుమారు 9 శాతం ఉబ్బుతుందనీ, అందుకే పైపు పగులుతుందనీ బళ్ళో చదువుకున్నాం. అది సగం కథ. చాలాసార్లు గడ్డ ఉన్నచోట పైపు పగలదు. గడ్డ పైపు వెంట పెరుగుతూ, సిరంజిలో పిస్టన్ మాదిరిగా, ముందున్న నీటిని కట్టేసిన కుళాయి వైపు తోస్తుంది. ఆ నీటికి పోయే దారి లేదు. ఇళ్ళలో నీటి ఒత్తిడి చదరపు అంగుళానికి 80 పౌండ్లు దాటకూడదని నియమం. గడ్డకీ కుళాయికీ నడుమ చిక్కిన నీటిలో అది వేలకు ఎక్కుతుంది. ఎక్కడ అతుకు బలహీనంగా ఉంటే అక్కడ పైపు చీలుతుంది. అప్పటికి పెద్దగా నీళ్ళు రావు, గడ్డే దారికి అడ్డంగా ఉంటుంది కాబట్టి. అది కరిగాక వస్తాయి.

రాత్రిపూట కుళాయిని సన్నగా కారనివ్వమనేది ఇందుకే. కదిలే నీరు తొందరగా గడ్డకట్టదన్నది నిజమే గానీ, అసలు లాభం ఆ ఒత్తిడికి దారి దొరకడం. లోపల గడ్డకట్టినా, కుళాయి తెరిచి ఉంటే పైపు బతుకుతుంది. బయటి గోడలకు ఆనుకున్న కుళాయిలైతే తప్పనిసరి. వేణ్ణీళ్ళ పైపు పగలదన్న నమ్మకం వద్దు. వాడకుండా ఉంచితే అదీ చల్లబడుతుంది. ఒకే పిడి ఉన్న కుళాయిలో పిడిని మధ్యకు పెట్టాలి.

ఇక్కడ మన ఇళ్ళకే ఉన్న చిక్కొకటి. ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలు పంపు దగ్గర బిందెతో వంతు కోసం నిలబడ్డ తరం. కారే కుళాయిని చూసి కట్టకుండా పడుకోలేరు. కట్టేసి, పొద్దున మనకు నాలుగు చీవాట్లు కూడా వేస్తారు. సాయంత్రమే సంగతి చెప్పి, కుళాయి కింద బిందె పెట్టేయండి. ఆ నీళ్ళు మొక్కలకు పోస్తామంటే ఒప్పుకుంటారు.

టెక్సాస్ ఇళ్ళ కట్టుబడిలో కూడా తప్పుంది. ఇక్కడ చాలా ఇళ్ళకు కింద నేలమాళిగ ఉండదు. ఇల్లు నేరుగా కాంక్రీటు మీద లేస్తుంది. అందుకని నీటి పైపుల్ని తరచుగా అటక మీదుగా లాగుతారు. ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం వాళ్ళు 1990లలో చేసిన పరీక్షల్లో, చలికి తొడుగు లేని అటక పైపులకు 20 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర ప్రమాదం మొదలవుతుందని తేలింది. ఒకసారి అటక ఎక్కి చూడండి. దూదిలా పరిచిన ఇన్సులేషన్ పైపుకు కింద ఉంటే, ఇంటి వెచ్చదనం పైపుకు అందదు. పైపు సీలింగుకు దగ్గరగా ఉండాలి, దాని మీద ఇన్సులేషన్ కప్పాలి. కొత్త ఇళ్ళలోని ఎర్ర, నీలం ప్లాస్టిక్ పైపులు కొంత సాగుతాయి, కానీ వాటిని కలిపే ఇత్తడి అతుకులు సాగవు. తోటలో కుళాయికి తగిలించిన గొట్టం చలికి ముందే విప్పేయాలి. ఇది చాలామందికి తెలుసు, చాలామంది చేయరు.

ఈ సంచిక మీకు అందేసరికి సగంమంది ఇండియా టిక్కెట్లు కొనుక్కుని ఉంటారు. డిసెంబరు, జనవరి నెలల్లో మన వీధుల్లో ఖాళీ ఇళ్ళు ఎక్కువ. బిల్లు మిగులుతుందని హీటరు పూర్తిగా కట్టేసి వెళ్ళకండి. 55 డిగ్రీల కంటే తగ్గనివ్వకండి. అంతకంటే ముఖ్యం, ఇంటి వాల్వు మూసి, అన్ని కుళాయిలూ తిప్పి, పైపుల్లో మిగిలిన నీటిని వదిలేయడం. దీనికి అయిదు నిమిషాలు చాలు. ఆ తరవాత పైపు చీలినా, కారేది పైపులో మిగిలిన నీరే. చాలా ఇన్సూరెన్స్ పాలసీల్లో, ఖాళీ ఇంట్లో వెచ్చదనమూ ఉంచక, నీళ్ళూ కట్టేయకపోతే పరిహారం ఇవ్వబోమన్న షరతు ఉంటుంది. మీ పాలసీలో ఆ పేరా వెతికి చదవండి.

ఇంట్లో ఉండగానే కుళాయికి నీళ్ళు రాకపోతే, ఆ కుళాయి తెరిచే ఉంచి, కుళాయి వైపు నుంచి వెనక్కి వెళ్తూ హెయిర్ డ్రయర్‌తో వేడి తగిలించాలి. నిప్పు జోలికి మాత్రం పోకండి. వాల్వు దగ్గర ఒకరిని నిలబెట్టండి, చీలిక ఉంటే వెంటనే కట్టేయడానికి. పదేళ్ళు దాటిన పిల్లలకు కూడా ఆ పని అప్పగించవచ్చు.

వెనక అట్ట లోపలి పేజీని ఈసారి ప్రకటనకు ఇవ్వలేదు. వాల్వు ఎక్కడుంది, ఎటు తిప్పితే మూసుకుంటుంది, మీరు ఊళ్ళో లేనప్పుడు తాళంచెవి ఎవరి దగ్గరుంటుంది, ప్లంబరు నంబరు ఎంత అని ఖాళీ గళ్ళు అచ్చువేశాం. నింపి ఫ్రిజ్ తలుపుకు అంటించండి. ప్రకటన ఇవ్వబోయిన నగల దుకాణం వారికి సంక్రాంతి సంచికలో రెండు పేజీలు ఇస్తామని మాటిచ్చాం.