ఆటస్థలమున తల్లికన్ను



గత మాసమున వేసవిలో నీటి పొదుపును గూర్చి ముచ్చటించుకొంటిమి. ఈ మాసము గడప దాటి ఆటస్థలమునకు పోవుదము.

మా అమ్మాయి యెనిమిదవ తరగతి చదువుచు, బడి చెడుగుడు జట్టులో ఆడుచున్నది. ఇటీవల పొరుగు పట్టణమున పోటీలు జరిగినప్పుడు, బాలికలకు తోడుగా తల్లులలో నొకరు రావలయుననియు, ఆటనంతయు సెల్‌ఫోనులో వీడియో తీసి పెట్టవలయుననియు వ్యాయామోపాధ్యాయిని కోరినది. మావారు బడిపంతులుగనుక కాదనుటకు వీలులేక నేనే బయలుదేరితిని. చేతిలో ఫోనున్నది, ఇందు విద్య యేమున్నదని తలంచితిని. ఆ గర్వము ఆ సాయంకాలమునకే అణగిపోయినది.

రాత్రి బస చేసినచోట పిల్లలందఱును చుట్టుచేరి వీడియో చూచిరి. కూతకు పోయిన బాలిక గీతను తాకెనా లేదా యని తెలియవలసిన తావున మా అమ్మాయి జడ కనబడుచుండెను. పట్టు పట్టిన పిల్ల కనబడవలసినచోట మా అమ్మాయి మోకాలు కనబడుచుండెను. పిల్లలు పకపక నవ్విరి. నేనును నవ్వితిని. కాని ఆ వీడియోను అప్పటికే జట్టు తల్లుల వాట్సాప్ బృందమునకు పంపియుంటిని. మఱునాటి యుదయము గుంటూరు సీమనుండి ఒక తల్లి మాట వచ్చినది: "మా పాప యాడా కానరాలేదు గదమ్మా. ఆడనీయలేదా?"

మా కర్నూలు జిల్లా పడమటి పల్లెలనుండి, కోసిగి, మంత్రాలయము, ఆదోని వైపులనుండి, ఏటేట వేలకొలది జనము మిరపకాయల కోతలకును పత్తి తీతకును గుంటూరు సీమకు సుగ్గి పోవుట మీరెఱుగుదురు. ఆ తల్లియు అట్లే పోయినది. బిడ్డ అవ్వయొద్ద నుండి చదువుకొనుచున్నది. నిజమునకు ఆ దినమున మా జట్టును గెలిపించినది ఆ బిడ్డయే. నా ఫోనులో మాత్రము ఆమె చేయి తప్ప మఱేమియు లేదు.

అప్పుడు నాకు భారతములోని యొక సన్నివేశము తలంపునకు వచ్చినది. ద్రోణుడు కుమారుల యస్త్రవిద్యను రంగస్థలమున ప్రదర్శింపజేసిన దినమున, కనులులేని ధృతరాష్ట్రునకు విదురుడును, కనులకు గంత గట్టుకొనిన గాంధారికి కుంతియు ఆ కుమారుల చేష్టలన్నియు చెప్పిరని వ్యాసమహర్షి వ్రాసెను. కుంతి తన కొడుకుల నేర్పును మాత్రమే చెప్పి, గాంధారి బిడ్డలను విడిచినదని యెచ్చటను లేదు. ఫోను పట్టిన తల్లి ఆ వేళ కుంతి స్థానమున నున్నది. దూరమున నున్న తల్లులందఱును గాంధారులే. ఈ సంగతి నేను మఱచితిని.

మఱునాడు పద్ధతి మార్చితిని. మీకును పనికివచ్చునని చెప్పుచున్నాను. స్త్రీల చెడుగుడు బరి 12 మీటర్ల నిడివి, 8 మీటర్ల వెడల్పు గలది. నడిగీతకు సూటిగా, బరికి వెలుపల కొంత దూరమున, మెట్టుమీదనో బల్లమీదనో ఎత్తుగా నిలిచినచో ఇరువైపులును కనబడును. ఫోనును అడ్డముగా పట్టవలెను. ఒక్క బిడ్డను వెంటాడరాదు. దగ్గఱకు లాగి చూపరాదు. కూత కాలము 30 సెకండ్లు మాత్రమే. ఆ కొద్ది వ్యవధిలో ఏ మూల ఏమి జరుగునో ముందుగా తెలియదు గనుక బరియంతయు కనబడుటయే మేలు. సూర్యుడు మన వీపువైపు నుండవలెను. మన సీమ యెండకు ఫోను వేడెక్కి తనంతట తాను ఆగిపోవును, గొడుగునీడ తప్పదు. సామాన్యముగా స్పష్టమైన వీడియోకు నిమిషమునకు సుమారు 130 మెగాబైట్లు పట్టును. ఫోనునుబట్టి ఇది మారును. సగము ఆటకు 15 నిమిషములనుకొనినచో, రెండు సగములకు కలిపి నాలుగు గిగాబైట్ల చోటు ముందుగా ఖాళీ చేసికొనవలెను. మూడుకాళ్ల స్టాండు కొనిన నూఱు విధముల మేలు. అందులో పెద్ద మేలు మా అమ్మాయి మాటవలన తెలిసినది: "అమ్మా, నేను చూచినప్పుడెల్ల నీ మొగము ఫోను వెనుకనే యుండెను." స్టాండుమీద ఫోను నుంచినచో తల్లి మొగము బిడ్డకు మిగులును.

ఇంత శ్రమ యేల యందురా? కన్ను మోసపోవును. పరుగెత్తు గుఱ్ఱము నాలుగు కాళ్లును ఒకేసారి నేల విడుచునా యని పెద్దలు చిరకాలము వాదులాడిరి. 1878లో అమెరికాలో మైబ్రిడ్జి యను ఛాయాగ్రాహకుడు వరుసగా కెమెరాలు నిలిపి, విడుచునని చూపెను. మా యుపాధ్యాయినియు వీడియోను మెల్లగా నడిపి చూపి, ఒక బాలిక ప్రతి పట్టులోను తొందరపడి ముందుకు వంగుచున్నదని తెలిపినది. ఆ బాలిక మూడు నెలలుగా తిట్లు తినియు గ్రహింపలేని తప్పును మూడు నిమిషములలో గ్రహించినది.

గుంటూరు సీమలోని తల్లికి రెండవనాటి వీడియో పంపితిని. రాత్రి జవాబు వచ్చినది: "నా బిడ్డ ఇంతసేపు గుక్క పడతాదని నాకు తెల్దమ్మా." దానిని నేను ఎన్ని మారులు వింటినో లెక్కలేదు.

ఇంతటితో ముగించిన బాగుండును. కాని నా తప్పును దాచుట న్యాయము కాదు. ఒక బాలిక కాలుజారి వెల్లకిల పడిన తునుకను, నవ్వులాటకని, నా స్టేటస్‌లో పెట్టితిని. దాని నెవరో తీసికొని పలువురకు పంపిరి. వీధి కుఱ్ఱవాండ్రు ఆ బిడ్డను చూచి నవ్విరి. మఱువారము ఆమె ఆటకు రాలేదు. నేను వారి యింటికి పోయి అరుగుమీద కూర్చుండి, తప్పు నాది, బిడ్డది కాదు, ఆటది కాదని చెప్పితిని. ఆమె అవ్వ, "పదిమంది నగినాంక ఇంగ ఆట యెందుకమ్మా?" యనినది. నాయొద్ద జవాబు లేకపోయెను. ఎనిమిది దినములు గడచినపిదప ఆమెయే బిడ్డను పంపుచు, "ఆడుకోనీలెమ్మా. బొమ్మ మాత్రం బజార్న పడకూడదు" అనినది. నేను తుడిచివేసినను, పరుల ఫోనులలో చేరినది నా చేతికి రాదు.

2023లో మన పార్లమెంటు చేసిన వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము 18 ఏండ్లు నిండనివారిని బాలలుగా నెంచి, వారి సమాచారమును గైకొను సంస్థలు తల్లిదండ్రుల యనుమతి పొందవలెనని విధించినది. సంస్థలకే యింత కట్టుబాటున్నప్పుడు పొరుగు తల్లులమగు మనకు ఎంత యుండవలెను! ఇప్పుడు మా బడిలో ముందుగా ప్రతి యింటి సమ్మతి యడుగుదుము. పూర్తి వీడియో ఉపాధ్యాయినియొద్దనే యుండును. ఏ తల్లికి ఆమె బిడ్డ ఆడిన భాగమే చేరును. పడినవి, ఏడ్చినవి, దుస్తులు చెదరినవి ఎవరికిని పోవు.

2025 నవంబరు 2వ తేదీన నవీముంబయిలో మన భారత స్త్రీల జట్టు దక్షిణాఫ్రికాను 52 పరుగులతో ఓడించి ప్రపంచకప్పు గెలిచినప్పుడు, ఆ జట్టులో మన కడప జిల్లా బిడ్డ శ్రీచరణి యుండెను. ఆ పోటీలలో ఎడమచేతి స్పిన్‌తో 14 వికెట్లు తీసినది. ఆమెను చూచి మన సీమలో ఎందఱో బాలికలు బంతి పట్టుచున్నారు. అందఱును అంత దూరము పోవుదురని కాదు. కాని పోదలచిన బిడ్డ, మన చేతి ఫోనువలన ఇంటనే నిలిచిపోరాదు.

వచ్చు ఆటలకు మీరు పోవునప్పుడు గొడుగును, స్టాండును మఱువకుడు. మీ బిడ్డతోబాటు, తల్లి రాలేకపోయిన బిడ్డ యెవరో ముందుగా అడిగి తెలిసికొనుడు.