గడియారమును పరీక్షింపక నమ్మరాదు

మోటారు కార్లు క్రొత్తగా వచ్చిన దినములలో డ్యాష్‌బోర్డుపై గడియారముండుట గొప్పగా ఎంచబడెడిది. అమెరికాలోని వాల్తాం సంస్థ, ఒకమారు కీ యిచ్చిన ఎనిమిది దినములు నడచు గడియారములను కార్ల కొరకే తయారుచేసెను. అయినను కారు గడియారము నమ్మదగినది కాదను మాట లోకమున వ్యాపించెను. ఇట్టి మాటలను తేల్చుటకు వాదము చాలదు, పరీక్ష కావలెను. ఆ పరీక్షను మన పిల్లలు స్వయముగా చేయ నేర్వవలెనని నా అభిప్రాయము.

గోడ గడియారము కదలక యుండును. కారు గడియారమునకో, పగలు ఎండవేడి, రాత్రి చలి, దారి పొడవున కుదుపులు. వేడికి లోపలి సన్నని స్ప్రింగు బిగువు తగ్గి గడియారము మందగించును. కుదుపులకు బ్యాలెన్సు చక్రపు ఊగు క్రమము చెడును. కనుక దుకాణములో సరిగా నడచినది బర్గూరు నుండి కృష్ణగిరికి పోవు దారిలోను అట్లే నడచునని చెప్పజాలము.

ఒక్కసారి చూచి తీర్పు చెప్పుటయు తగదు. ఒక గడియారము దినమునకు రెండేసి నిమిషములు తప్పక వెనుకబడుననుకొందము. మరియొకటి మొదటి దినమున నాలుగు నిమిషములు ముందునకు పోయి, రెండవ దినమున నాలుగు నిమిషములు వెనుకబడును. రెండు దినముల పిమ్మట చూచినచో రెండవదియే సరియైన కాలము చూపును! నిజమునకు నమ్మదగినది మొదటిదే. దాని తప్పు ఒక్క తీరున నుండుటచే లెక్కగట్టి దిద్దుకొనవచ్చును. రెండవది రేపేమి చేయునో ఎవరెరుగుదురు?

ఇంగ్లండులోని క్యూ అబ్జర్వేటరీలో 1884 నుండి గడియారములను పలు భంగిమలలో నుంచి, వేడిలోను చలిలోను పరీక్షించిరి. ఉత్తమ తరగతి పరీక్షకు 45 దినములు పట్టెడిది. మన పొరుగుననే హోసూరులో టైటాన్ గడియారముల కర్మాగారము కలదు. నేటి క్వార్ట్జు గడియారములో స్ఫటికము సెకనుకు 32,768 మారులు కంపించును. యంత్రము మారినను పరీక్షించు పద్ధతి మారలేదు.

విద్యార్థులారా! మీ యింటి గడియారమును, వీలైనచో తెలిసినవారి కారు గడియారమును, ఏడు దినములు ఒకే వేళకు మొబైలు ఫోనులోని కాలముతో సరిచూచి తేడాను వ్రాసికొనుడు. బండి నిలిచియున్న దినములను, తిరిగిన దినములను వేరుగా గుర్తింపుడు. తల్లిదండ్రులు దీనిని కాలయాపనమని తలపరాదు. పదిమంది చెప్పిరని నమ్ము బిడ్డ కంటె, ఏడు దినముల అంకెలు చూపి మాటాడు బిడ్డను రేపు ఎవరును సులభముగా మోసగింపజాలరు.