పాత ఇనుముతో వచ్చే ముప్పు

నల్లమలలో యురేనియం తవ్వకాలు వద్దని 2019లో అమ్రాబాద్ ప్రాంత ప్రజలు రోడ్డెక్కారు. ఆ సెప్టెంబరులో రాష్ట్ర శాసనసభ కూడా వారి పక్షాన తీర్మానం చేసింది. భూమి లోపలి దాని విషయంలో ఇంత మేలుకున్న మన ప్రాంతం, పాత సామాన్ల దుకాణానికి చేరగల అటువంటి పదార్థాల గురించి ఆలోచించినట్లు కనబడదు.

ఢిల్లీలో జరిగింది చూడండి. అక్కడి విశ్వవిద్యాలయం 1968లో కెనడా నుంచి తెప్పించిన గామా యంత్రం 1985 నుంచి మూలపడి ఉన్నది. 2010 ఫిబ్రవరిలో దానిని వేలం వేశారు. మాయాపురి పాత ఇనుము బజారులో కూలీలు సీసపు తొడుగు కోసి, లోపలి కోబాల్టు-60 కడ్డీలను బయటకు తీశారు. ఒక వ్యాపారి చిన్న ముక్కను పర్సులో పెట్టుకొని తిరిగాడట! పలువురు ఆసుపత్రి పాలయ్యారు. ఏప్రిల్‌లో ఒక కూలీ మరణించాడు. పాతికేళ్లు వాడకపోయినా ఆ కడ్డీలలో చంపే శక్తి మిగిలే ఉన్నది.

మన ఊళ్లలో అటువంటి యంత్రాలెక్కడివని అనవచ్చు. కాని పెద్ద గొట్టాల వెల్డింగు అతుకులను పరీక్షించే ఇరిడియం పెట్టె, రోడ్డు గట్టిదనం కొలిచే సీజియం పరికరం పనితో పాటు ఊరూరా తిరిగేవే. పైగా పాలమూరు కూలీ వెళ్లని కట్టడం దేశంలో ఏది?

అలాగని అన్నిటికీ బెదరనక్కరలేదు. ఎక్స్‌రే యంత్రానికి కరెంటు తీసేస్తే కిరణాలు ఆగిపోతాయి. పెట్రోమాక్స్ లైటు జాలీలలో థోరియం వాడేవారు. అది స్వల్పమే, రాలిన బూడిదను పీల్చకుంటే చాలు. భయపడవలసింది పసుపు రంగు మీద మూడు పంకా రెక్కల గుర్తున్న డబ్బాను చూసి, చిన్నదైనా మోయలేనంత బరువున్న సీసపు పెట్టెను చూసి. దానిని కోయరాదు, తాకరాదు. అందరినీ దూరంగా పంపి 112కు చెప్పాలి.

ఇటువంటి పరికరాలకు అనుమతి ఇచ్చే అణుశక్తి నియంత్రణ మండలి 1983లో ఏర్పడింది. పని తీరిన మూలకాన్ని పాత ఇనుము కింద అమ్మరాదన్నది నియమం. మాయాపురి యంత్రం మాత్రం ఆ మండలి పుట్టక ముందే దేశంలోకి వచ్చింది. అటువంటి పాతవే లెక్క తప్పేది.

కనుక గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాల కలెక్టర్లు, ఏ కార్యాలయమైనా, కళాశాలైనా పాత పరికరాలు వేలం వేసే ముందు తెలిసినవారితో పరీక్ష చేయించాలని ఉత్తర్వులివ్వాలి. పోలీసులు పాత సామాన్ల వ్యాపారులను, ఊరూరా తిరిగి కొనేవారిని పిలిపించి ఆ గుర్తు బొమ్మ చూపాలి. వారిలో చాలామందికి ఇంగ్లీషు అక్షరాలు రావు, బొమ్మయితే గుర్తుంటుంది. పంచాయతీ గోడ మీద ఆ బొమ్మ వేయించడానికి డబ్బా రంగు చాలు.