పాత గోడకు కొత్త రేకు: ముగ్గురు కమిషనర్లకు బహిరంగ లేఖ

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు మున్సిపల్ కమిషనర్ గార్లకు,



2016 అక్టోబర్ 11న పాత మహబూబ్‌నగర్ జిల్లా నుంచి విడివడి ఈ మూడు పట్టణాలూ జిల్లా కేంద్రాలయ్యాయి. వీధుల్లో బండ్లు పెరిగాయి. పాత ఇళ్లలో చాలావాటికి బండి పెట్టుకునే చోటు మొదటి నుంచీ లేదు. అందుకే వాకిట్లోనో, పక్క సందులోనో ఇంటి గోడకు ఆనించి రేకుల షెడ్డు వేయించుకుంటారు. వెల్డర్ వస్తాడు. గోడకు నాలుగు చిల్లులు వేసి యాంగిల్ బిగిస్తాడు, ముందువైపు రెండు పైపులు నిలబెడతాడు, రేకులు పరుస్తాడు. పొద్దున మొదలైన పని చీకటిపడేలోగా అయిపోతుంది. ఏ ఇంజినీరూ దాన్ని చూడడు. ఏ కాగితమూ మీ ఆఫీసు గడప తొక్కదు.

రేకుల బరువుకు గోడ ఆగుతుందా అన్నదే ఇంటివాళ్ల బెంగ. అసలు భయపడాల్సింది గాలికి. పది అడుగుల వెడల్పు, పద్దెనిమిది అడుగుల పొడవున్న ఇనుప రేకుల షెడ్డు పైపులతో కలిపి రెండు వందల కిలోలకు మించి తూగదు. గంటకు 90 కిలోమీటర్ల వేగంతో వీచే గాలి చదరపు మీటరుకు దాదాపు 38 కిలోల ఒత్తిడి తెస్తుంది. అదంతా రేకుల కింద దూరి పైకి లేపితే, ఆ షెడ్డు మీద 600 కిలోలకు పైగా బలం పడుతుంది. అంటే షెడ్డు సొంత బరువుకు మూడింతలు. భవనాల మీద గాలి ఒత్తిడిని లెక్కగట్టే భారతీయ ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగం, తుంగభద్ర అవతల ఉన్న కర్నూలుకు సెకనుకు 39 మీటర్ల గాలిని లెక్కలోకి తీసుకోమంటోంది. గంటకు 140 కిలోమీటర్లన్నమాట.

ఆ లాగుడులో గోడ వైపు పడేదంతా చివరికి నాలుగు బోల్టులే మోయాలి. మట్టి మిద్దె గోడలో బోల్టుకు పట్టే దొరకదు. నాలుగున్నర అంగుళాల ఇటుక గోడలో చిల్లు ఇటుకల మధ్య అతుకులో పడితే, ఊపుఊపుకీ బోల్టు వదులవుతుంది. చేయి తిరిగిన మేస్త్రీ చిల్లు వేసేముందు లింటెల్ ఎక్కడుందో, శ్లాబు బీము ఎక్కడుందో చూసుకుని కాంక్రీటులోనే యాంకర్ బోల్టు దించుతాడు. ఆ జాగ్రత్త అందరికీ ఉండదు.

రెండో బాధ నీళ్లతో. రేకుకూ గోడకూ మధ్య సందులో సిమెంటు మెత్తి వదిలేస్తారు. మే ఎండకు కాలిన రేకు సాగుతుంది, రాత్రికి ముడుచుకుంటుంది. పద్దెనిమిది అడుగుల పొడవున ఆ తేడా రెండు మిల్లీమీటర్లు దాటుతుంది. మెత్తిన సిమెంటు చీలడానికి అంత చాలు. ఇక ప్రతి వానా గోడలోకే దిగుతుంది. గోడ పక్కనే గుంట మగ్గం ఉన్న గద్వాల నేతన్న ఇంట్లో ఆ చెమ్మ దేనికి చేటో చెప్పనక్కర్లేదు.

నానిన గోడ ఎంత పని చేస్తుందో ఈ నేలకు తెలుసు. 2021 అక్టోబర్‌లో గద్వాల జిల్లా అయిజ మండలం కొత్తపల్లిలో వానకు నానిన గోడ కూలి ఒకే కుటుంబంలో ఐదుగురు చనిపోయారు. 2024 మే 26న గాలివానకు నాగర్‌కర్నూలు జిల్లా తాడూరు మండలం ఇంద్రకల్ దగ్గర, కడుతున్న కోళ్ల షెడ్డు గోడ కూలి నలుగురి ప్రాణాలు పోయాయి. ఇవి బండ్ల షెడ్లు కావు. అయినా గోడ మీద గాలీ నీళ్లూ చేసే పని ఎక్కడైనా ఒకటే.

దీనికి విరుగుడు ఖరీదైనదేం కాదు. పాత గోడ మీద భారం వేయకుండా రెండు వైపులా మూడేసి పైపులు నిలబెట్టాలి. ఒక్కో పైపు కింద అడుగున్నర పొడవు, వెడల్పు, లోతున్న కాంక్రీటు దిమ్మ ఉంటే అది 230 కిలోల దాకా తూగుతుంది. ఆరు దిమ్మలు కలిస్తే పైన చెప్పిన 90 కిలోమీటర్ల గాలికి షెడ్డు లేవదు. ఇంటి పునాది కదలకుండా గుంతలు కాస్త ఎడంగా తవ్వాలి. గోడలో అంగుళం లోతు గాడి తీసి, వంచిన రేకు పట్టీని అందులో దూర్చి, రెండో అంచు షెడ్డు రేకు మీద ఆరంగుళాలు కప్పేలా వదలాలి. వాలు ఇంటి నుంచి బయటికి ఉండాలి. చూరు నీళ్లు పక్కింటి వాకిట్లో పడకూడదు.

భవన అనుమతుల కోసం తెచ్చిన 2020 నాటి టీఎస్-బీపాస్ చట్టం 75 గజాల లోపు స్థలంలో ఇల్లు కట్టుకునేవారికి రూపాయితో నమోదు చాలంది. కాగితం పని అంత తేలికైనప్పుడు, ఈ చిన్న షెడ్డుకు ఒక బొమ్మ గీసివ్వడం మీకు కష్టం కాదు.

కాబట్టి మూడు మున్సిపాలిటీలూ కలిసి ఒక్క పేజీ పటం తయారు చేయించండి. మట్టి గోడకు, ఇటుక గోడకు, శ్లాబు ఇంటికి వేర్వేరు బొమ్మలు, కొలతలు తెలుగులో ఉండాలి. రోడ్డు వైపు, పక్కింటి వైపు ఎంత జాగా వదలాలో అందులోనే రాయించండి. వనపర్తి రాజప్రాసాదంలో నడిచిన కేడీఆర్ పాలిటెక్నిక్ సివిల్ అధ్యాపకుల చేత లెక్కలు సరిచూపించండి. వెల్డర్లను, మేస్త్రీలను పిలిచి ఒక రోజు చేసి చూపించండి. వచ్చే ఏప్రిల్ గాలిదుమారాలు మొదలయ్యేలోగా ఆ పటం ప్రతి వార్డుకూ, ప్రతి వెల్డింగ్ షాపుకూ చేరేలా చూడాలని మనవి.

ఇట్లు,
మూడు పట్టణాల ఇంటి యజమానుల తరఫున