సన్నని టైరు, గట్టి గాలి

గడచిన వేసవిలో మా విద్యార్థి యొకడు పరీక్షకు వచ్చుచు కంకరపై జారిపడి మణికట్టు విరుగగొట్టుకొనెను. వానిది వంపు హాండిలు గల క్రొత్త పందెపు సైకిలు. దాని టైరును మేము నొక్కి చూచితిమి, బొటనవ్రేలు దిగలేదు. వేగమునకై యట్లు కొట్టించితినని వాడు చెప్పెను. అనంతపురము చుట్టుపట్ల బాలురలో నీ నమ్మకము ప్రబలియున్నది. వేరుసెనగ చేతికి వచ్చిన యేడు తల్లిదండ్రులును బిడ్డ కోరిన సన్నటైరు సైకిలునే కొనుచున్నారు. మా యభిప్రాయము వేరు.

టైరులోని గాలి బరువును మోయుటయే గాక, గులకరాతికి తాను లొంగి చక్రము నెగురనీయకుండును. డన్‌లప్ అను పశువైద్యుడు 1887లో బెల్‌ఫాస్టు నగరమున తన కుమారుని మూడుచక్రముల బండికి గాలిగొట్టమును తొడిగినది కుదుపు తప్పించుటకే. గాలి మితిమీరినచో నది మరల గట్టి రబ్బరు కడియమే యగును. నున్నని తారుబాటపై కొంత చెల్లునేమో! రాళ్లు తేలిన మన యూరిబాటలపై చక్రమెగురును, పట్టు తప్పును. ముందుకు పోవలసిన శక్తి త్రొక్కువాని యొడలు కుదుపుటకు వ్యయమగును. చేతుల తిమ్మిరినే వాడు వేగమనుకొనును. పాశ్చాత్య పందెగాండ్రు సహితము ఒకప్పుడు 23 మిల్లీమీటర్ల టైరే శ్రేష్ఠమని నమ్మి, నేడు 28కిని అంతకు మించిన వెడల్పునకును వచ్చియున్నారు.

మన బాటలకు, ఫోర్కులో పట్టినంతవరకు, 32 మిల్లీమీటర్లకు తక్కువ వలదు. వెడల్పు పెరిగినకొలది గాలి తగ్గింపవలెను. 50 కిలోల బాలునకు ఆ టైరులో చదరపుటంగుళమునకు సుమారు 45 పౌనులు చాలును. ఎక్కువ బరువు మోయు వెనుక చక్రమునకు నాలుగైదు హెచ్చు. మరీ తగ్గించినచో ట్యూబు రాతికిని రిమ్మునకును నడుమ నలిగి, ప్రక్కప్రక్కనే రెండు చిల్లులు పడును. టైరు ప్రక్కన అచ్చువేసిన పెద్ద యంకె హద్దేగాని యాజ్ఞ కాదు. పల్లేరుకాయకును సర్కారు తుమ్మముల్లునకును మాత్రము వెడల్పు టైరును లొంగునని యొప్పుకొందుము.

ఎండకు పేలునను భయమున మధ్యాహ్నము గాలి తీయువారు కలరు. టైరులోని గాలి 25 డిగ్రీలనుండి 45కు వేడెక్కినను 45 పౌనులు సుమారు 49 అగును, అంతే.

బొటనవ్రేలు కొలబద్ద కాదు. గేజి గల పంపు నొకదానిని పాఠశాల సైకిలు షెడ్డులో నుంచవలెనని యధికారులను కోరుచున్నాము. విద్యార్థులారా, అది వచ్చినపుడు గతుకుల పల్లమున త్రొక్కక సైకిలును జారవిడిచి, ఏ గాలితో నెంత దూరము పోయినదో గీతలు గీచి చూడుడు.